సవర గోడ మీద రైలుబండి

1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడేదాకా కొరాపుట్, జైపురం, గుణుపురం కొండలన్నీ విశాఖపట్నం జిల్లాలోనివే. ఇవాళ రేవు, ఉక్కు కర్మాగారం పేర్లతో ఊరిని గుర్తుపట్టే వాళ్లకు ఇది పాత గెజిటీర్ల సంగతి. కానీ మధ్యభారత గిరిజన కళ గురించి మాట్లాడేవాళ్లు వదిలిపెట్టలేని వెరియర్ ఎల్విన్, బోండో గిరిజనుల మీద 1950లో, సవర గిరిజనుల మీద 1955లో వెలువరించిన పెద్ద గ్రంథాలకు ఆ పాత జిల్లా కొండలే చాలామటుకు ఆధారం. సవరల పుస్తకానికి గంజాం ఏజెన్సీ కూడా తోడయింది. 1902లో ఇంగ్లండులోని డోవర్‌లో పుట్టిన ఎల్విన్ ఆక్స్‌ఫర్డ్‌లో చదివింది సాహిత్యం, క్రైస్తవ మతశాస్త్రం. 1927లో మత సేవకుడిగా పుణె వచ్చి, గాంధీ ప్రభావంలో పడి, 1932లో గోండు పల్లెలో మకాం పెట్టాడు. మానవశాస్త్రాన్ని తరగతి గదిలో కాక పల్లెల్లో నేర్చుకుని, 1946లో భారత మానవశాస్త్ర సర్వేకు ఉప సంచాలకుడయ్యాడు. 1954లో భారత పౌరుడయ్యాడు.

గిరిజన కళ అంతరించిపోతోందన్నది ఆయన్ని ఎన్నడూ వదలని బెంగ. 1951లో వచ్చిన ‘ద ట్రైబల్ ఆర్ట్ ఆఫ్ మిడిల్ ఇండియా’లోనూ ఆ బెంగ కనిపిస్తుంది. అయితే ఎల్విన్ బెంగ కంటే ఎల్విన్ చూసి రాసుకున్నదే నమ్మదగింది. సవరల గోడబొమ్మల సంగతే చూడండి. ఇంట్లో ఎవరికైనా జబ్బు చేస్తే, చనిపోయినవారు కలలోకి వస్తే, పంట బాగుండాలంటే బొమ్మ వేస్తారు. ఎర్రమట్టి పూసిన గోడ మీద బియ్యప్పిండి నీళ్లతో, చివర నలగ్గొట్టిన పుల్లతో గీస్తారు. ముందు నలుచదరపు ఇల్లు, దాని లోపల మనుషులు, ఏనుగులు, గుర్రాలు, సూర్యచంద్రులు. గీత అయిపోయినంత మాత్రాన బొమ్మ పూర్తి కాదు. పూజారి దాని ముందు కూర్చుంటాడు, పూనకం వస్తుంది, ఎవరికోసం బొమ్మ వేశారో వారు వచ్చి చూసుకుంటారు. నచ్చకపోతే ఫలానాది లేదంటారు. అది చేర్చాల్సిందే. ఇలా చేరినవాటిలో సైకిళ్లు, రైళ్లు, విమానాలు, తుపాకీ పట్టిన పోలీసులు, సర్కారు ఉద్యోగులు కూడా ఉన్నారు.

ఆ రైలు ఊహ కాదు. నౌపడా నుంచి పర్లాకిమిడికి 1900లో వచ్చిన చిన్న రైలు 1931లో గుణుపురం చేరింది. ఎల్విన్ ఆ కొండల్లో తిరిగింది 1940ల్లో. విశాఖ మీద 1942 ఏప్రిల్‌లో జపాను విమానాలు బాంబులు వేసిన దశాబ్దమది. కొండ దిగి సంతకు, కచేరీకి వెళ్లిన సవర ఏం చూశాడో, అతని పెద్దలు పరలోకంలోనూ అదే అడిగారు. కాలంతోపాటు మారడం ఈ కళకు చావు కాదు. అసలు దాని పని తీరే అది.

దీనికి అభ్యంతరాలు లేకపోలేదు. గిరిజనులను లోకానికి దూరంగా ఉంచాలన్నవాడే కదా ఎల్విన్, ఆయన సాక్ష్యం ఎంతవరకు నమ్మొచ్చు అంటారు. 1943లోనే సమాజశాస్త్రవేత్త జి.ఎస్. ఘుర్యే ఆ విధానాన్ని గట్టిగా ఎండగట్టాడు. ఆ విమర్శలో బలముంది. కానీ తన వాదానికి అడ్డొచ్చే రైలును కూడా దాచకుండా అచ్చువేశాడంటే ఆ సాక్ష్యం విలువ పెరుగుతుందే తప్ప తగ్గదు. సవర భాష మీద పట్టులేక దుబాసీల మీద ఆధారపడ్డాడన్నది ఇంకా గట్టి అభ్యంతరం. మన గిడుగు రామమూర్తి ఆ భాషకు 1931లోనే వ్యాకరణ గ్రంథం ఇచ్చాడు కూడా. ఎల్విన్‌లోని ఈ లోటును 1970ల నుంచి ఆ కొండల్లో పనిచేసిన మానవశాస్త్రవేత్త పియర్స్ విటెబ్‌స్కీ తీర్చాడు. సవర నేర్చుకుని, చనిపోయినవారితో బతికున్నవారి సంభాషణలను నేరుగా విన్నాడు. తర్వాతి తరం క్రైస్తవంలోకి మళ్లి ఆ సంభాషణనే మానుకోవడం కూడా ఆయనే రాశాడు. అడిగే పెద్దలే లేకపోతే బొమ్మ ఎవరికోసం?

ఇప్పుడు కొనేవాళ్లకోసం. గోడ మీది బొమ్మ కాగితం మీదికి, గుడ్డ మీదికి వచ్చింది. దీన్ని పతనమనడం తేలిక, కానీ కూలికి పోయే మనిషికి కుంచె కూడు పెడుతుంటే తప్పుపట్టడానికి మనమెవరం? పేచీ అమ్మకంతో కాదు, కొనేవాడి అభిరుచితో. బైలదిల్లా ఇనుప ఖనిజం కోసం 1960ల్లో వేసిన కొత్తవలస–కిరండూల్ లైను మీద ఖనిజం రేవుకు దిగుతుంది, పర్యాటకులు అరకు ఎక్కుతారు. ఆ ఖనిజం వ్యాగన్లనో, ఉక్కు కర్మాగారం పొగగొట్టాన్నో సవర చిత్రకారుడు గీస్తే, ‘ఇది అసలైన గిరిజన కళ కాదు’ అని పెదవి విరిచేది నగరమే. వరసగా చేతులు పట్టుకున్న మనుషుల్నే మళ్లీ మళ్లీ అడుగుతుంది. పూనకంలో వచ్చిన పెద్దలు లేనిది చేర్చమన్నారు. ఈ కొత్త గిరాకీదారు ఉన్నదాన్నే మళ్లీ వేయమంటున్నాడు.