ఆంగ్లమునందలి పూర్ణవర్తమానము – తెలుగు క్రియారూపములు

ఆంగ్లమున 'ప్రెజెంట్ పర్ఫెక్ట్' అను పేర వ్యవహరింపబడు క్రియారూపమును ఈ వ్యాసమున పూర్ణవర్తమానమని పేర్కొందును. దాని నిర్మాణము కష్టమైనది కాదు. కర్త ప్రథమపురుషైకవచనమైనచో హేజ్, తక్కిన యెడలనెల్ల హేవ్ నిలిపి, దానిపై ధాతువుయొక్క భూతకృదంతమును చేర్చిన చాలును. నిషేధమున వీని వెంటనే నాట్ వచ్చును. ప్రశ్నయందు హేవ్, హేజ్‌లు కర్తకు ముందు నిలుచును. డిడ్ అను సహాయక్రియకు ఇచట తావు లేదు.

కంఠస్థము చేయవలసినది కృదంతము మాత్రమే. వాక్, టీచ్ వంటి ధాతువులకు భూతరూపమును కృదంతమును ఒక్కటియే: వాక్ట్, టాట్. రైట్, గో, సీ అనువానికి రెండును వేఱు: రోట్-రిటెన్, వెంట్-గాన్, సా-సీన్. కట్, పుట్ అనునవి ఎచ్చటను మారవు. కమ్ చిత్రమైనది, భూతమున కేమ్ అయి, కృదంతమున మరల కమ్ అగును. సంస్కృతపరిచయము గలవారు గత, కృత, లిఖితాది క్తాంతములను తలచుకొన్నచో ఈ కృదంతస్వరూపము తేలికగా బోధపడును.

రూపసాధన ఇంతియే. అయినను పట్టపరీక్ష గడచినవారును ప్రయోగమున తప్పుచుందురు. నేనును తప్పినవాడనే. చదువుకొను దినములలో 'ఐ హేవ్ రిటెన్ ఎ లెటర్ యెస్టర్డే' అని వ్రాయగా, మా ఉపాధ్యాయుడు ఎఱ్ఱసిరాతో హేవ్‌ను కొట్టివేసి, రిటెన్‌ను రోట్‌గా దిద్దెనే కాని హేతువు చెప్పలేదు. ఆ హేతువు తెలుగులోనే యున్నదని చాలకాలమునకు గాని నాకు తెలియలేదు.

'నిన్ననే లేఖ వ్రాసియున్నాను' అనుట తెలుగున నిర్దుష్టము. అర్జీలలో 'గతనెల 5వ తేదీన విన్నవించుకొనియున్నాను' అను వాక్యము మనకు నిత్యపరిచితము. క్త్వార్థకముపై ఉండు ధాతువు చేరిన ఈ రూపమునకు గతకాలవాచకముతో విరోధము లేదు. ఆంగ్లమున ఆ విరోధము కలదు. యెస్టర్డే, లాస్ట్ మంత్ వంటి ముగిసిన కాలమును చెప్పు పదములతో పూర్ణవర్తమానము పొసగదు. ఆల్రెడీ, యెట్, సిన్స్ వంటివానితో పొసగును. డేనిష్ పండితుడు ఒట్టో యెస్పర్సన్ 1924లో ప్రకటించిన వ్యాకరణతత్త్వగ్రంథమున దీనిని వర్తమానముయొక్క భేదముగనే గణించెను.

హేవ్‌ను 'కలిగియుండుట' యని బోధించుట కొందఱి అలవాటు. ఇది చరిత్రదృష్ట్యా నిజమే. ప్రాచీనాంగ్లమున 'నేను చేపను పట్టబడినదానిగా కలిగియున్నాను' అను తీరు వాక్యములనుండి ఈ రూపము పుట్టినది. కొన్ని ప్రయోగములందు కృదంతము కర్మనుబట్టి ప్రత్యయమును గూడ పొందుచుండెను. కాని ఆ అర్థము ఏనాడో నశించినది. నేటి విద్యార్థికి అది సాయపడదు. ఇంకొక విశేషము. రాకపోకలను దెలుపు ధాతువులకు పూర్వము హేవ్‌కు మారు బి ధాతురూపమే చేరుచుండెను. 1611 నాటి ఆంగ్ల బైబిలునందు 'ఈజ్ కమ్' వంటివి కానవచ్చును. మన 'వచ్చియున్నాడు' అనుదానికిని దానికిని చుట్టరికము లేదు, పోలిక మాత్రము కలదు.

ఆ పోలికను నమ్మి, పూర్ణవర్తమానమునకెల్ల 'యున్నాను' అను నొక్క అర్థమునే చెప్పుట తగదు. 'ఐ హేవ్ నెవర్ సీన్ హిమ్' అనుదానికి 'వానిని నేను చూచి యెఱుగను' అనునది ఎంత చక్కని తెలుగు! అనుభవమును ఎఱుగు ధాతువు తెలుపుచున్నది. 'హేజ్ గాన్ టు కాశి' యనిన కాశికి వెళ్లినాడు, ఇంకను రాలేదు. 'హేజ్ బీన్ టు కాశి' యనిన వెళ్లివచ్చినాడు. ఇక 'ఐదేండ్లనుండి ఇచట పాఠములు చెప్పుచున్నాను' అనుచోట మనకు శుద్ధవర్తమానమే. కనుకనే మన విద్యార్థి 'ఐ యామ్ టీచింగ్ హియర్ సిన్స్ ఫైవ్ ఇయర్స్' అనును. 'నుండి' యే సిన్స్ అయినది. ఆంగ్లమున 'ఐ హేవ్ టాట్ హియర్ ఫర్ ఫైవ్ ఇయర్స్' అనవలయును.

చిన్నయసూరి బాలవ్యాకరణమున (1858) వర్తమాన భూత భవిష్యత్తులతోపాటు తద్ధర్మము కలదు. పూర్ణవర్తమానమునకు వేఱు పేరు లేదు. దాని పని పలురూపముల నడుమ పంచుకొనబడినది. అందుచే నేను తరగతిలో మొదట తెలుగు వాక్యమునిచ్చి, అందు కాలవాచకమును వెదకుమందును. కాలవాచకము లేనిచో సందర్భమును చూడవలయును. 'బస్సు రాలేదు' అను మాటను దారిప్రక్క వేచియున్నవాడు పలికినచో 'హేజ్ నాట్ కమ్'. మొన్నటి ప్రయాణమును గూర్చి యింట కూర్చుండి చెప్పుచున్నవాడు పలికినచో 'డిడ్ నాట్ కమ్'.