ఇటీవల మేమాడిన వీడియో ఆటలు – మా అభిప్రాయములు

ఆటలు మన యిండ్లకు క్రొత్తవి కావు. వామనగుంటలు, అష్టాచెమ్మ, పులిజూదము, వైకుంఠపాళి తరతరములుగా మనవారు ఆడుకొనుచు వచ్చినవే. పూర్వము అరుగుమీద సుద్దతో గీచిన గడులలో సాగిన ఆట నేడు అరచేతిలో నిమిడిన గాజు తెరపై సాగుచున్నది. సాధనము మారినది గాని ఆడవలెనను కోరిక మారలేదు. కావున వీడియో ఆటలన్నియు చెడ్డవని పెద్దలు ఒక్క మాటతో త్రోసివేయుట న్యాయము కాదు. ఏ ఆట ఎటువంటిదో విచారింపక దొరికినదెల్ల ఆడుట పిల్లలకును మేలు కాదు.

నవల చదివినచో దాని గుణదోషములను చర్చింతుము. చలనచిత్రము చూచినచో ఇంటికి వచ్చువరకు దానిని గూర్చియే మాటలాడుకొందుము. వీడియో ఆటల విషయమున మాత్రము మా విద్యార్థుల నడిగినచో "బాగున్నది", "బాగుండలేదు" అను రెండు మాటలే వినవచ్చుచున్నవి. అందుచే ఈ వేసవి సెలవులలో, వారు పేర్లు చెప్పిన ఆటలలో నాలుగింటిని ఎన్నుకొని, ఒక్కొక్కదానిని ఓపికతో ఆడి చూచితిమి. ప్రతి ఆటకును మూడు ప్రశ్నలు వేసితిమి. ఈ ఆటలో మనము చేయు పని యేమి? ఆడినకొలదియు మనకు అబ్బు నేర్పు ఏమి? ఆట మనలను ఎప్పుడు, ఏ విధముగా వదలిపెట్టును?

మూడవ ప్రశ్న కొందరికి వింతగా తోచవచ్చును. కాని మన పాత ఆటలను తలచుకొనుడు. పులిజూదములో మూడు పులులును కదలలేకుండ కట్టుపడినప్పుడో, మేకలు తరిగిపోయినప్పుడో ఆట ముగియును. వైకుంఠపాళిలో కాయ పరమపదము చేరినచో ముగియును. ముగిసిన పిమ్మట గవ్వలు డబ్బాలో పెట్టి అందరును లేచిపోవుదురు. ఆటను తయారు చేసినవాడే దానికొక ముగింపును కూడ పెట్టెను. వీడియో ఆటలలో అట్టి ముగింపు ఉన్నదా లేదా అనునదే మేము ముఖ్యముగా పరిశీలించిన అంశము.

టెట్రిస్

ఈ ఆటను 1984లో మాస్కో నగరమున, సోవియట్ శాస్త్ర పరిషత్తునకు చెందిన కంప్యూటరు కేంద్రములో పనిచేయుచుండిన అలెక్సీ పజిట్నోవ్ రచించెను. ఆయన వాడిన ఎలెక్ట్రోనికా 60 అను యంత్రమునకు బొమ్మలు గీయు శక్తి లేదు. అందుచే అక్షరముల నడుమ వాడు కుండలీకరణ చిహ్నములనే జతపరచి గడులుగా చూపెను. గ్రీకు భాషలో నాలుగు అను అర్థమిచ్చు "టెట్రా" అను పదమును, తన కిష్టమైన టెన్నిస్ ఆట పేరును కలిపి ఆయన దీనికి నామకరణము చేసెను.

నాలుగేసి చదరములు అంచులు కలియునట్లు చేరిన బిళ్లలు పైనుండి ఒక్కొక్కటిగా దిగుచుండును. ఇట్టి బిళ్లలు ఏడు విధములు. వానిని త్రిప్పి, ప్రక్కకు జరిపి, సందు లేకుండ పేర్చవలెను. వరుస నిండినచో అది మాయమగును. నిండనిచో గుట్ట పెరిగి పైకప్పును తాకును. అంతటితో ఆట సరి.

గణితముపై ప్రీతిగల విద్యార్థులకు ఇందొక చక్కని సమస్య గలదు. ఏడు బిళ్లలను ఒక్కొక్కటి చొప్పున తీసికొనినచో మొత్తము 28 చదరములగును. వానితో 4 గడుల వెడల్పు, 7 గడుల పొడవు గల దీర్ఘచతురస్రమును నింపగలమా? చదరంగపు బల్లవలె గడులకు నలుపు తెలుపు రంగులు వేసి చూడుడు. దీర్ఘచతురస్రమున నల్లనివి 14, తెల్లనివి 14 ఉండును. ఆరు బిళ్లలు ఎట్లు పెట్టినను రెండు నల్ల గడులను, రెండు తెల్ల గడులను కప్పును. మూడు చదరముల వరుసలో నడిమిదానికి ఒక చదరము అతికినట్లుండు బిళ్ల మాత్రము ఒక రంగున మూడింటిని, మరియొక రంగున ఒకదానిని కప్పును. కనుక లెక్క ఎన్నటికిని సరిపోదు. ఒక ఆటవస్తువునుండి ఇంత చక్కని నిరూపణము లభించుట మాకు మిక్కిలి సంతోషము కలిగించినది.

మా అభిప్రాయమున టెట్రిస్ నిజాయితీ గల ఆట. ఇందు దాచినది ఏదియు లేదు. మిగిలిన సందులన్నియు మన చేతి చలువయే. కంటికిని చేతికిని పొందిక కుదురును. వచ్చుదానిని ముందుగా ఊహించుట అలవాటగును. లోప మేమనగా, ఇందు ఓటమియే గాని గెలుపు లేదు. 1989లో నింటెండో సంస్థ వెలువరించిన టెట్రిస్‌ను ఒక అమెరికా బాలుడు, పదుమూడేండ్లవాడు, 2023 డిసెంబరులో 157వ మెట్టువరకు ఆడగా యంత్రమే స్తంభించిపోయినది. మనుష్యులలో ఆ స్థితి చూచినవారిలో అతడే ప్రథముడు. అయినను ఒక్కొక్క ఆట కొద్ది నిమిషములలో తీరిపోవును. మరల మొదలిడుట మన వేలి పనియే గాని ఆట మనలను పిలువదు.

ఒక హెచ్చరిక మాత్రము అవసరము. ఎక్కువసేపు ఆడినవారికి నిద్ర పట్టుచున్న వేళ మూసిన కన్నుల యెదుట బిళ్లలు దిగుచున్నట్లు కనబడునని 2000 సంవత్సరమున హార్వర్డు విశ్వవిద్యాలయమునకు చెందిన రాబర్ట్ స్టిక్‌గోల్డ్ బృందము ప్రకటించినది. పరీక్షల దినములలో నిద్రకు ముందు ఈ ఆట వలదని మా సలహా.

2048

2014 మార్చిలో గాబ్రియేలె చిరుల్లి అను పందొమ్మిదేండ్ల ఇటలీ యువకుడు ఒక వారాంతపు సెలవులో దీనిని తయారు చేసి, అందరికిని ఉచితముగా ఇచ్చెను. నాలుగు అడ్డు వరుసలు, నాలుగు నిలువు వరుసలు గల బల్లపై అంకెల పలకలుండును. వానిని ఏదో ఒక దిక్కునకు జరిపినచో సమాన సంఖ్యలు కలిసి రెట్టింపగును. రెండును రెండును నాలుగు, నాలుగును నాలుగును ఎనిమిది. ఇట్లు 2048 వరకు చేరవలెను.

కదలిక కొకటి చొప్పున క్రొత్త పలక వచ్చును. పదింట తొమ్మిది మారులు అది 2, ఒక మారు 4. అనగా బల్లపైనున్న సంఖ్యల మొత్తము సరాసరిన కదలికకు 2.2 చొప్పున పెరుగును. 2048ని 2.2చే భాగించినచో సుమారు 931 వచ్చును. కాబట్టి గెలుపు 900 కదలికలకు పైబడిన దూరమున నున్నది. ఎనిమిదవ తరగతివారు ఈ లెక్కను తామే కట్టగలరు.

ఈ ఆటలో మాకు నచ్చిన దేమనగా, 2048 చేరిన తోడనే "నీవు గెలిచితివి" అని చెప్పి, ఇంకను కొనసాగింతువా యని అది మనలను అడుగును. ఆపివేయుటకు మర్యాదగల అవకాశ మది. నచ్చని దేమనగా, పెద్ద సంఖ్యను ఒక మూలనుంచి కదలింపరాదను కిటుకు తెలిసిన పిమ్మట బుద్ధికి పని తగ్గి, వేలికి మాత్రమే పని మిగులును. ఇంకొక సంగతియు చెప్పవలెను. దీనికి మూలమైన ఊహ "త్రీస్" అను ఆటలోనిది. ఆ ఆటను దాని కర్తలు ఏడాదికి పైగా శ్రమించి రూపొందించిరి. వారము తిరుగకముందే లోకమంతట వ్యాపించిన అనుకరణమును మెచ్చుకొనునప్పుడు, మూలకర్తల శ్రమను కూడ స్మరించుట ధర్మము.

మాన్యుమెంట్ వ్యాలీ

లండనులోని అస్‌టూ అను సంస్థ 2014లో వెలువరించిన ఆట యిది. ఇడా అను మౌన రాకుమారిని వింత కట్టడములమీదుగా నడిపింపవలెను. దారి తెగినచోట మనము కట్టడమునే త్రిప్పినచో, దూరముగా నున్న రెండు అంచులు మన కంటికి కలిసినట్లు కనబడును. కనబడిన వెంటనే దారి యేర్పడును. హాలెండు చిత్రకారుడు ఎషర్ (1898–1972) గీచిన అసంభవ కట్టడములు దీనికి స్ఫూర్తి. ఎక్కినకొలదియు మొదటికే వచ్చు మెట్లను, ఎచ్చటను పొసగని త్రిభుజమును లయొనెల్ పెన్రోజ్, ఆయన కుమారుడు రోజర్ పెన్రోజ్ 1958లో ఒక వ్యాసమున వర్ణించిరి. ఆ రోజర్ పెన్రోజ్‌కే 2020లో భౌతిక శాస్త్రమున నోబెల్ బహుమానము లభించినది.

ఇందు శత్రువులతో యుద్ధము లేదు, గడియారము లేదు, చావు లేదు. ఒక చిత్రశాలలో తిరిగి వచ్చినట్లుండును. పది అధ్యాయములు పూర్తియైన పిమ్మట కథ ముగియును. రెండు మూడు సాయంకాలములలో మేము పూర్తి చేసితిమి. ఇంత చిన్నదా యని కొందరు ఫిర్యాదు చేసిరట! మాకు మాత్రము అదియే గుణముగా తోచినది. మంచి కథానిక చిన్నదని ఎవరైన నొచ్చుకొందురా? చిక్కుముడులు మరికొంత కఠినముగా నుండినచో బాగుండెడిది. ఒకసారి ఆడినవారికి రెండవసారి క్రొత్తదన ముండదు. అయినను నాలుగింటిలో మా ప్రథమ స్థానము దీనికే.

క్యాండీ క్రష్ సాగా

కింగ్ అను సంస్థ 2012లో విడుదల చేసిన ఈ ఆటను ఎరుగనివారు అరుదు. ఒకే రంగు మిఠాయిలను మూడింటిని ఒక వరుసకు తెచ్చినచో అవి పగిలి మాయమగును. రంగులు కన్నుల పండువుగా నుండును. చిన్నవారును పెద్దవారును నిమిషములో నేర్చుకొనగలరు. ఇంతవరకు ప్రశంసయే.

ఇక మా మూడవ ప్రశ్న. ఇందలి మెట్లు వేలకొలదిగా నున్నవి; ఇంకను చేరుచునే యున్నవి. ఆటగానికి ఐదు ప్రాణములుండును. ఓడిన ప్రతిసారియు ఒకటి పోవును. పోయినది తిరిగి వచ్చుటకు అర్ధగంట పట్టును. ఆగలేనివారు డబ్బిచ్చి కొనవచ్చును. పైనుండి ఏ మిఠాయి రాలునో మన చేతిలో లేదు గనుక, గెలుపులో నేర్పుతోపాటు అదృష్టమునకు కూడ పెద్ద పాలున్నది. "ఇంకొక్క కదలిక యున్నచో గెలిచెడివాడను" అను స్థితి తరచుగా వచ్చును. సరిగా అప్పుడే ఆ కదలిక అమ్మకమునకు పెట్టబడును. ఉచితమను పేరుతో వచ్చిన ఆట ఎంత ధన మార్జింపగలదో తెలియవలెనన్న, ఈ సంస్థను 2016లో ఆక్టివిజన్ బ్లిజర్డ్ అను మరియొక సంస్థ 590 కోట్ల డాలర్లకు కొనినదని చెప్పిన చాలును.

ఈ అర్ధగంట విరామము విశ్రాంతి కాదు. "మరల రమ్ము" అను పిలుపు. పాఠము చదువుచున్న బాలుని మనస్సు ఆ ప్రాణము ఎప్పుడు వచ్చునాయని గడియారమువైపు చూచుచుండును. ఆట ఆగినప్పుడు కూడ మనలను వదలకుండుట ఇందలి పెద్ద లోపమని మా అభిప్రాయము.

ఆటలను గంటలతో మాత్రమే కొలువరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడ సూచించుచున్నది. 2019లో ఆమోదము పొంది 2022 జనవరినుండి అమలులోనున్న దాని వ్యాధుల పట్టికలో ఆటల రుగ్మత చేర్చబడినది. ఆటపై అదుపు తప్పుట, ఇతర పనులన్నిటికంటె ఆటయే ముఖ్యమగుట, హాని కనబడుచున్నను మానలేకుండుట దాని లక్షణములు. సాధారణముగా ఇవి పండ్రెండు మాసములు కొనసాగినచో వ్యాధిగా పరిగణింతురు. ఈ మూడు లక్షణములలోను ప్రధానమైనది ఒక్కటే: ఆపవలెనని తలచినప్పుడు ఆపగల శక్తి ఉన్నదా లేదా యని.

విద్యార్థినీ విద్యార్థులారా! మా అభిప్రాయములనే మీరు అంగీకరింపవలెనని మేము కోరము. మాకు మొదటిదిగా తోచినది మీకు చివరిది కావచ్చును. కాని అభిప్రాయమునకు కారణము చెప్పుట నేర్చుకొనుడు. మన ప్రాంతపు పిల్లలు ఇంట తెలుగును, అంగడిలో రాష్ట్రభాషను పలుకుచు, ఫోను తెరపై ఆంగ్లమును చూచుచు పెరుగుచున్నారు. మీరు మిక్కిలి ఉత్సాహముతో గడుపు గంటను గూర్చి మీ తల్లిదండ్రులతో నాలుగు వాక్యములు తెలుగున చెప్పలేకపోయినచో, ఆ గంట వారికి తెలియని గంటగనే మిగిలిపోవును. తెలియనిదానిని వారు నిషేధింతురు. తెలిసినదానిని మీతో చర్చింతురు. గడి, బిళ్ల, పలక, మెట్టు, పందెము, కిటుకు మున్నగు మాటలు మనకు ఉండనే యున్నవి. లేనిచోట గేము, ఫోను, కంప్యూటరు అను మాటలను తెలుగు లిపిలో నిస్సంకోచముగా వ్రాయుడు.

మీరాడిన ఒక ఆటను తీసికొని, పైన చెప్పిన మూడు ప్రశ్నలను వేసి, ఒక పుటకు మించకుండ వ్రాసి యిచ్చినచో, తరువాతి సంచికలో ప్రకటింతుము. మూడవ ప్రశ్నకు మీరు వ్రాయు సమాధానమును మేము ముందుగా చదువుదుము.