అంతరిక్ష నౌకకు ఇంధనమే ఆయుర్దాయం

అంతరిక్షంలోనికి వెళ్ళిన నౌకకు దారిలో ఇంధనం నింపేవారు లేరు. పరికరాలన్నీ చక్కగా ఉన్నప్పటికీ, ఇంధనం అడుగంటిన నాడు నౌక తన స్థానాన్ని నిలుపుకొనలేదు. కనుక అత్యల్ప వ్యయంతో దానిని కక్ష్యలో నిలపడం ఎట్లా అన్నది శాస్త్రజ్ఞుల ముందున్న ప్రధాన సమస్య. మన ఆదిత్య-ఎల్1 నౌక ఉదాహరణగా దీనిని పరిశీలిద్దాం.

2023 సెప్టెంబరు 2న శ్రీహరికోట నుండి బయలుదేరిన ఈ నౌక 2024 జనవరి 6న ‘ఎల్1’ బిందువు చుట్టూ ఉన్న కక్ష్యలో ప్రవేశించింది. ఆ బిందువు భూమి నుండి సూర్యుని దిశగా సుమారు 15 లక్షల కిలోమీటర్ల దూరాన ఉన్నది. సాధారణంగా సూర్యునికి భూమికన్న దగ్గరగా తిరిగే వస్తువు ఏడాది లోపే ప్రదక్షిణ ముగించాలి. అయితే ఎల్1 వద్ద భూమి ఆకర్షణ సూర్యుని ఆకర్షణను కొంత తగ్గిస్తుంది. అందువల్ల అక్కడి వస్తువు భూమితో పాటే ఏడాదికొక ప్రదక్షిణ చేయగలుగుతుంది.

సరిగా ఆ బిందువునందే నౌకను ఉంచితే, దాని వెనుకనే ఉన్న సూర్యుని రేడియో ధ్వనిలో నౌక సంకేతాలు మునిగిపోతాయి. అందుచేత దానిని బిందువు చుట్టూ తిప్పుతారు. భూమి నుండి చూస్తే ఆ దారి సూర్యుని చుట్టూ వరదగుడి కట్టినట్లుంటుంది. 1978లో ప్రయోగించిన ఐసీ-3 నౌక ఇట్టి కక్ష్యలో తిరిగిన మొదటిది. ఆదిత్యకు ఒక చుట్టు సుమారు 178 రోజులు.

ఈ కక్ష్య అరచేతిపై నిలబెట్టిన కర్ర వంటిది. దారి తప్పించే చలనం దాదాపు 16 రోజులకొకసారి రెట్టింపవుతుంది. నేటి ఒక కిలోమీటరు తేడాను 160 రోజులు ఉపేక్షిస్తే అది వెయ్యి కిలోమీటర్లు దాటుతుంది. ఆలస్యమైన కొలదీ దిద్దుబాటు ఖర్చూ అట్లే పెరుగుతుంది.

అట్లని ప్రతిదినమూ ఇంజన్ వెలిగించడం వివేకం కాదు. భూమి నుండి కొలిచే స్థానంలో, వేగంలో స్వల్ప దోషాలు తప్పవు. తేడా ఆ దోషంకన్న చిన్నదైనప్పుడు సరిదిద్దబోతే లేని తప్పును దిద్ది, కొత్త తప్పును తెచ్చినట్లవుతుంది. కావున తేడా స్పష్టంగా తెలిసే వరకు ఆగాలి. అది ముదరకముందే కదలాలి. మరొక పొదుపు కూడా ఉన్నది. ముందు గీసిన గీత మీదికే నౌకను తేనక్కరలేదు. పెరిగిపోయే చలనాన్ని మాత్రం రద్దుచేస్తే చాలు. మిగిలిన ఊగిసలాట హద్దుల్లోనే ఉంటుంది.

ఆదిత్యకు తొలి చుట్టులో 2024 ఫిబ్రవరి 22న, జూన్ 7న ఇట్టి దిద్దుబాట్లు చేశారు. జులై 2నాటి మూడవ దిద్దుబాటుతో అది రెండవ చుట్టులో ప్రవేశించింది. సూర్యుని చుట్టూ సెకనుకు దాదాపు 30 కిలోమీటర్ల వేగంతో పరుగెత్తే నౌకకు ఇట్టి కక్ష్యలో ఏడాదికి కావలసిన వేగమార్పు సెకనుకు కొద్ది మీటర్లే!

ఈ పొదుపు ఫలం చిన్నది కాదు. 1995లో రెండేళ్ళ పనికని పంపిన సోహో నౌక అదే బిందువు చెంత పాతికేళ్ళకు పైగా సూర్యుని పరిశీలించింది. తగిన వేళ చేసిన స్వల్ప సవరణ నౌక ఆయువును ఎంతగా పొడిగించగలదో దీనివల్ల గ్రహించవచ్చును.