అడక్కుండానే చెప్పే అడ్రసు

ఓబులవారిపల్లె దగ్గరి మంగంపేట ముగ్గురాయికి పేరు. బెరైటీస్ అన్నా అదే. బరువైన ఆ రాయి పొడిని చమురు బావులు తవ్వేటప్పుడు వాడతారు. బరువే సరుకు కాబట్టి లారీ కాటా ఎక్కాల్సిందే. కాటా గదిలోని కంప్యూటర్ తూకాన్ని రూటర్ మీదుగా ఆఫీసు సర్వర్‌కు పంపుతుందనుకుందాం. సర్వర్ చెడిపోయింది. పక్కన సిద్ధంగా ఉన్న రెండో సర్వర్ అదే ఐపీ అడ్రసు తీసుకుంది. అయినా తూకం చేరడం లేదు.

ఎందుకంటే, చివరి అంచెలో ఐపీ ఒక్కటే చాలదు. ప్రతి నెట్‌వర్క్ కార్డుకూ 48 బిట్ల మ్యాక్ అడ్రసు వేరే ఉంటుంది. ఏ ఐపీ ఏ కార్డుదో కనుక్కునే ఏఆర్‌పీ పద్ధతిని 1982 నవంబరులో ఎంఐటీకి చెందిన డేవిడ్ ప్లమ్మర్ రాశాడు. "ఈ ఐపీ ఎవరిది?" అని అందరినీ అడగడం, వచ్చిన జవాబు పట్టికలో రాసుకోవడం. అంతే. సిస్కో రూటర్లలో ఆ రాత మామూలుగా 4 గంటలు చెరగదు. అందాకా తూకాలన్నీ చచ్చిన కార్డు పేరుమీదే పోతుంటాయి.

అందుకే రెండో సర్వర్ లేచిన వెంటనే చాటింపు వేస్తుంది. దాన్నే గ్రాట్యుటస్ ఏఆర్‌పీ అంటారు. 28 బైట్ల చిన్న సందేశం. పంపినవారి గడిలోనూ, వెతుకుతున్నవారి గడిలోనూ ఒకే ఐపీ, తనదే. పైకి చూస్తే తన అడ్రసు తనే వెతుక్కుంటున్నట్టు ఉంటుంది. జవాబు రావాలని కాదు, అందరూ వినాలని.

అడగని మాటను రూటర్ ఎందుకు నమ్మాలి? కిటుకంతా ప్లమ్మర్ పెట్టిన వరుసలో ఉంది. పంపినవారి ఐపీ ఇప్పటికే పట్టికలో ఉంటే ముందు మ్యాక్ దిద్దుకోమన్నాడు. వచ్చింది ప్రశ్నా, జవాబా అన్నది ఆ తర్వాతే చూడమన్నాడు. నాకు ఇది భలే ముచ్చటగా అనిపిస్తుంది.

2008లో స్టూవర్ట్ చెషైర్ రాసిన ప్రమాణం ఇంకొంచెం మర్యాద నేర్పింది: ఐపీ వాడకముందే అది ఇంకెవరైనా వాడుతున్నారా అని అడిగి చూసుకోవాలి, ఎవరూ పలక్కపోతేనే చాటాలి.

దొంగకూ ఇదే దారి. "రూటర్ ఐపీ నాదే" అని ఎవడైనా చాటితే అందరి సమాచారమూ వాడి చేతికి పోతుంది, ఏఆర్‌పీకి సంతకం లేదు మరి. అందుకని కొన్ని నెట్‌వర్క్ స్విచ్‌లు, ఐపీలను తనంతట తానే పంచిపెట్టే డీహెచ్‌సీపీ ఇచ్చిన అడ్రసుల జాబితాతో ప్రతి చాటింపునూ సరిచూస్తాయి. చేత్తో ఐపీ పెట్టిన సర్వర్‌ను విడిగా నమోదు చేయడం మరిచిపోతే మాత్రం, నిజమైన చాటింపునూ స్విచ్ అక్కడే ఆపేస్తుంది.