మొదటి కాన్పు ఆపరేషన్ అయితే...



మొన్న చిక్కడపల్లి మార్కెట్లో కూరలు కొంటుంటే అశోక్‌నగర్‌లో ఉండే వదిన ఒకావిడ కనబడింది. కోడలికి ఏడో నెలట. మొదటిది ఆపరేషన్. "రెండోదీ కోతే కదా వదినా, ముహూర్తం పెట్టించేశాం" అంది. అమ్మాయి ఏమంటోంది అని అడిగాను. ఆవిడ బెండకాయల కొసలు విరుస్తూ ఊరుకుంది.

ఒకసారి కోత పడితే ఇక ఎప్పుడూ కోతే అన్న మాట 1916లో అమెరికాలో క్రాగిన్ అనే డాక్టరు అన్నది. అప్పట్లో గర్భసంచిని నిలువుగా కోసేవారు. ఇప్పుడు ఎక్కువగా కింది భాగంలో అడ్డంగా కోస్తారు. అలాంటి కోత ఒక్కటే ఉండి, వేరే చిక్కులేవీ లేకుండా నొప్పుల కోసం ఆగినవారిలో నూటికి 70 మందికి పైగా మామూలుగానే కంటారు. సుమారు 200 మందిలో ఒకరికి పాత కుట్టు విడుతుంది. ఆ ఒక్కరికీ, బిడ్డకీ ప్రాణం మీదికి రావచ్చు. అందుకే ఇది పంతం పట్టే విషయం కాదు.

అలాగని కోతే క్షేమమనీ అనుకోకండి. కోతలు పెరిగినకొద్దీ తర్వాతి గర్భంలో మాయ పాత కుట్టుకు అతుక్కుపోయే ప్రమాదం పెరుగుతుంది. 2019–21 సర్వేలో మన తెలంగాణలో నూటికి 60 కాన్పులు ఆపరేషన్లే. దేశం మొత్తం మీద 21. మన ఆడవాళ్లకే నొప్పులు రావడం మానేశాయా ఏమిటి?

పొట్ట మీది మచ్చను బట్టి లోపలి కోత ఎటుందో తెలియదు. ఆస్పత్రివాళ్లిచ్చిన డిశ్చార్జి కాగితంలో ఉంటుంది. వదినగారింట్లో అది బీరువాలో చీరల కింద దొరికింది. అడ్డకోతే. బిడ్డ ఎదురుకాళ్లతో ఉండడం వల్ల చేశారట. ఈసారి బిడ్డ తల కిందికి తిరిగితే ఆ కారణం లేనట్టే. నిలువుకోత అయినా, కాన్పుకూ కాన్పుకూ మధ్య ఏడాదిన్నర కూడా లేకపోయినా లెక్క మారుతుంది.

ఆ అమ్మాయి కాగితం పట్టుకుని నారాయణగూడలో తను చూపించుకునే డాక్టరమ్మ దగ్గరికి వెళ్లింది. అర్ధరాత్రి అవసరమైతే వెంటనే ఆపరేషన్ చేయగలరా, మత్తు డాక్టరు, రక్తం సిద్ధంగా ఉంటాయా, నొప్పులంతసేపూ బిడ్డ గుండె చూస్తుంటారా అని అడిగింది. కాదంటే అక్కడ ఆగకూడదు, ఆ సౌకర్యాలున్న పెద్దాసుపత్రి చూసుకోవాలి. అన్నిటికీ ఔనన్నారు. నొప్పుల కోసం ఆగుతానంది పిల్ల. మధ్యలో మనసు మారితే ఆపరేషన్ అడిగే హక్కూ తనదే.

ఒక్క మాట. నొప్పులు మొదలవగానే ఆస్పత్రికి వెళ్లిపోవాలి. నొప్పికీ నొప్పికీ మధ్య కూడా కుట్టు దగ్గర పోటు తగ్గకపోయినా, రక్తం కనిపించినా, బిడ్డ కదలిక తగ్గినా, కాఫీ తాగి వెళదామని కూడా ఆగకండి.