వార్తల్లో పదం: కవర్ వెర్షన్

పాత పాటను మన గొంతుతో, కొత్త వాద్యాలతో మళ్లీ రికార్డు చేస్తే అది కవర్ వెర్షన్. పాడేది మనమే అయినా సాహిత్యం, బాణీ మరొకరివి. అందుకే అనుమతి కావాలి.

హక్కుదారు ఒప్పుకుంటే సరే. లేదంటే, 2012లో కాపీరైట్ చట్టంలో చేర్చిన 31సి సెక్షన్ దారి చూపుతోంది. తొలి రికార్డింగ్ జరిగిన ఏడాది ముగిశాక అయిదు క్యాలెండర్ సంవత్సరాలు ఆగాలి. అంటే 2020 పాటకు 2026 జనవరి 1 నుంచే వీలు. ముందే నోటీసు ఇచ్చి, రాయల్టీ కట్టాలి. అదీ సాధారణంగా పాటకు ఏటా కనీసం 50,000 ప్రతుల లెక్కన! ఇంట్లో గిటార్ పట్టుకుని పాడే పిల్లలకు ఇది మోయలేని బరువు. లేబుల్‌పై కవర్ వెర్షన్ అని రాయాలి. మొదట పాడినవారి పేరు, బొమ్మ వాడకూడదు. ఈ వెసులుబాటు ధ్వనికే. వీడియో జోడించాలంటే హక్కుదారును విడిగా అడగాల్సిందే.