అలమరలో బూజు, ముక్కవాసన: కారణాలు, నివారణ

సాలూరు దాటి, కనుమ ఎక్కి, సెమిలిగుడలో కాపురం పెట్టిన తెలుగు కుటుంబాలను తొలి వర్షాకాలంలోనే పలకరించేది గోడ అలమరలోని ముక్కవాసన. మైదానంలో ఏళ్ల తరబడి భద్రంగా ఉన్న పట్టుచీర మడతలలో ఇక్కడ తెల్లని చుక్కలు కనిపించవచ్చు. దీనిని ఇల్లాలి అశ్రద్ధగా భావించడం న్యాయం కాదు. ఊరి ఎత్తే దీనికి ముఖ్య కారణం.

సెమిలిగుడ సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్నది. ఒక ఘనమీటరు గాలి 30 డిగ్రీల వేడిమి వద్ద సుమారు 30 గ్రాముల నీటి ఆవిరిని ఇముడ్చుకోగలదు. 20 డిగ్రీల వద్ద 17 గ్రాములకు మించి ఇముడ్చుకోలేదు. కనుకనే కొండమీది చల్లని గాలి త్వరగా చెమ్మగిల్లుతుంది. వీధి వైపు గోడ గదికంటె చల్లగా ఉంటుంది. ఆ గోడలోనే అలమర ఉంటే, తలుపు మూసిన తరువాత గాలి ఆడక, చెమ్మ అక్కడనే నిలుస్తుంది. బూజు బీజాలు గాలిలో ఎల్లప్పుడూ ఉంటాయి. వాటికి కావలసినది తడి, కొద్దిపాటి ఆహారం. గంజి పెట్టిన నూలు చీర వాటికి విందు వంటిది. వానకాలమంతా దాచదలచిన బట్టలకు గంజి పెట్టకపోవడమే మేలు.

వాసన రాగానే కలరా ఉండలు వేయడం అందరికీ అలవాటు. అవి పురుగులను దూరం చేయడానికి ఉద్దేశించినవి, చెమ్మను తగ్గించవు. పైగా ఒక ప్రమాదం ఉన్నది. ఆ ఉండలలోని నాఫ్తలీన్, జీ-6-పీడీ అనే ఎంజైము లోపం గల శిశువులలో ఎర్ర రక్తకణాలను ఛిద్రం చేసి, తీవ్రమైన కామెర్లకు దారితీయగలదు. మలేరియా తరతరాలుగా ఉన్న ప్రాంతాల ప్రజలలో ఈ లోపం అధికం. లోపం ఉన్నట్టు పరీక్ష చేయించనిదే తెలియదు. కాబట్టి పసిబిడ్డల పొత్తిగుడ్డలకోసం దాచే పాత చీరల మధ్య కలరా ఉండలు ఎంతమాత్రం ఉంచరాదు.

ముందుగా చెమ్మ ఎక్కడినుంచి వస్తున్నదో తెలుసుకొనవలెను. అలమర వెనుక గోడపై చేయి వెడల్పు ప్లాస్టిక్ కాగితాన్ని నాలుగువైపులా టేపుతో అంటించి రెండు రోజులు ఉంచవలెను. కాగితం లోపలివైపు, అనగా గోడ వైపు, తడిస్తే నీరు గోడలోనే ఉన్నది: పైకప్పు కారడమో, గొట్టం పగలడమో, పునాది చెమ్మ పైకి పాకడమో జరుగుతున్నది. ఆ మరమ్మతు ఇంటి యజమాని చేయించవలసినది. అది కానిదే రంగు వేయించడం డబ్బు దండుగ. కాగితం పైవైపు తడిస్తే గదిలోని ఆవిరి చల్లని గోడపై నీరవుతున్నదని అర్థం. గదిలో బట్టలు ఆరవేయడం, వంటింటి ఆవిరి బయటికి పోకపోవడం, సగం ఆరిన బట్టలను మడతపెట్టడం ఇందుకు సాధారణ కారణాలు.

శుభ్రం చేయడానికి వాన లేని పగటిపూట మంచిది. అలమరను పూర్తిగా ఖాళీ చేసి, ముక్కుకు గుడ్డ కట్టుకొని, సబ్బునీటిలో తడిపి పిండిన గుడ్డతో తుడవవలెను. పొడి చీపురుతో దులిపితే బీజాలు గదంతా వ్యాపిస్తాయి. ఉబ్బసం ఉన్నవారు ఆ సమయంలో గదిలో ఉండరాదు. చెక్క అరలపై తరువాత వెనిగర్ పూసి, తలుపులు తెరచి పూర్తిగా ఆరనివ్వవలెను. బ్లీచింగ్ పౌడరును వెనిగర్‌తో గాని, మరుగుదొడ్డి కడిగే ఆసిడ్‌తో గాని ఎన్నడూ కలపరాదు. ఊపిరితిత్తులను దెబ్బతీసే క్లోరిన్ వాయువు వెలువడుతుంది.

ఆ తరువాతి జాగ్రత్తలు చిన్నవే. బట్టలను గోడకు ఆనకుండా నాలుగు వేళ్ల ఎడం విడిచి సర్దవలెను. ఎండ కాసిన రోజు తలుపులు తెరచి ఉంచి, వాన కురిసే రోజు మూయవలెను. పట్టుచీరలకు ప్లాస్టిక్ సంచులు పనికిరావు. ఉతికిన నూలుగుడ్డలో చుట్టి, అప్పుడప్పుడు నీడలో ఆరవేసి, మడత మార్చవలెను. పొడి సున్నాన్ని చెమ్మ పీల్చడానికి ఉంచేవారు దానిని పిల్లలకు అందనిచోట మూతికి గుడ్డ కట్టిన డబ్బాలో, సగానికి మించకుండా ఉంచవలెను. అది కంట పడితే చూపు పోవచ్చు.

చదువు ధ్రువపత్రాలు, స్వగ్రామపు భూమి కాగితాలు బట్టల అరలో ఉండరాదు. అవి ఇప్పటికే చెమ్మగిల్లి ఉంటే ఎండలో పెట్టక, పుటల మధ్య తెల్లకాగితాలు ఉంచి, పంకా గాలిలో ఆరనిచ్చి, పిదప బిగుతు మూత గల డబ్బాలో భద్రపరచవలెను. అతుక్కున్న పుటలను తడిగా ఉండగా బలవంతంగా విడదీయరాదు, సిరా ఊడివస్తుంది.